ఇయ్యాల్టి ధర

విజయలక్ష్మి మేడం ఆ కాగితాన్ని చాందీ ముందు బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దానిమీద స్టేప్లర్ ఉంచింది. పైన ఫ్యాను తిరగడం లేదు. తెలంగాణ కోసం నెలరోజులుగా నడుస్తున్న సమ్మెతో బొగ్గు ఆగింది, బొగ్గు లేక కరెంటు ఆగింది. జనగామలో పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. గాలి లేనిచోట కాగితం ఎక్కడికి ఎగిరిపోతుందని? చాందీకి అనుమానం అక్కడే మొదలైంది.

“చదివి నీకేమనిపించిందో చెప్పమ్మా. తొందరేం లేదు, రేపు చెప్పినా సరే,” అని మేడం తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

చాందీ చదివింది. ఏప్రిల్ నెల పాలకవర్గం చేసినట్టు చెబుతున్న తీర్మానం అది. బ్యాంకు దగ్గరున్న సర్కారు బాండ్లను ‘అమ్మకానికి ఉంచినవి’ అనే ఖాతాలోంచి ‘గడువుదాకా ఉంచుకునేవి’ అనే ఖాతాలోకి మార్చాలని అందరూ ఒప్పుకున్నారట. కింద రెండు సంతకాలకు చోటుంది. జనరల్ మేనేజర్ అన్నచోట, అంటే మేడం సంతకం చోట, ఖాళీ. తయారు చేసినవారు అన్నచోట మాత్రం గుగులోతు చాందీ అని టైపు కొట్టి ఉంది.

ఏప్రిల్ సమావేశంలో చాందీ కూడా కూచుంది. ఆ రోజు భూపాలపల్లి శాఖ కిరాయి గురించి, చైర్మన్ ముత్తయ్య మోకాలి నొప్పి గురించి మాట్లాడుకున్నారు. మిర్చి బజ్జీలు తిన్నారు. బాండ్ల ఊసే రాలేదు. ఇప్పుడు నడుస్తున్నది అక్టోబరు.

ఆ కాగితం ఎందుకు పుట్టిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. జనగామలో పెద్దాఫీసు, మానుకోటలో, భూపాలపల్లిలో శాఖలు ఉన్న ఆ చిన్న సహకార బ్యాంకులో బాండ్ల లెక్క చూసేది ఆమే. రెండున్నరేళ్ల కింద దేశంలో వడ్డీలు పడిపోయినప్పుడు పాత బాండ్లకు ధర పెరిగింది. బ్యాంకు వాటిని అమ్మి లాభం చూపించింది, సభ్యులకు డివిడెండుతో పాటు స్వీటు డబ్బాలు పంచింది, ఆ డబ్బుతో ఇంకా పొడుగు గడువున్న బాండ్లు కొన్నది. ఇప్పుడు వడ్డీలు తిరగబడ్డాయి. సర్కారు కొత్త బాండ్ల మీద ఎనిమిదిన్నర ఇస్తుంటే, ఏడు ఇచ్చే పాతదాన్ని పూర్తి ధర పెట్టి ఎవరు కొంటారు? నూరు రూపాయల బాండు ఇవాళ బజారులో తొంభై కూడా పలకడం లేదు. గడువుదాకా ఓపిక పడితే సర్కారు నూటికి నూరూ ఇస్తుంది. అందుకే నియమం అట్లా ఉంది. చివరిదాకా అమ్మబోమని ఏడాది మొదట్లోనే చెప్పి పక్కన పెట్టిన బాండ్లకు కొన్న ధరే రాసుకోవచ్చు. అమ్మకానికి ఉంచిన వాటికి ఇవాళ్టి ధర రాయాలి, తగ్గినంతా నష్టంగా చూపాలి.

ఏడాది మొదట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పినట్టు ఇప్పుడు రాయమంటున్నారు. రాసేది ఎవరు? చాందీ.

తలుపు వెనక మేడం ఫోనులో మాట్లాడుతోంది. “అవునండీ, ఆ రేటేనా అండీ,” అన్న ముక్కలు వినబడుతున్నాయి. మేడంది తెనాలి. జనగామకు వచ్చి ఆరేళ్లయినా ఆ ‘అండీ’ పోలేదు. ఇదివరకు ఆ మాట చెవికి ఏమీ అనిపించేది కాదు. ఈ నెలరోజుల్లో ప్రతి ‘అండీ’ చాందీకి ఎక్కడో తగులుతోంది. ఆ పొడుగు బాండ్లు కొన్నది ఈమే. ధర పడింది. ఇప్పుడు నష్టం దాచిపెట్టి, కిందిసంతకం తండా పిల్లతో పెట్టించి, రేపు రాష్ట్రం రాగానే రైలెక్కి పోతుంది. అంతా బయటపడ్డనాడు పోలీసులకు దొరికేది ఎవరు?

చాందీ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

మధ్యాహ్నం చౌరస్తాలో దీక్షా శిబిరం దగ్గరికి వెళ్లింది. బ్యాంకు వాళ్లు వంతులవారీగా గంటసేపు కూచుని వస్తున్నారు. టెంటు కింద జంపఖానా మీద టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు. చైర్మన్ ముత్తయ్య అందరికీ మంచినీళ్ల ప్యాకెట్లు పంచుతున్నాడు. టెంటు కిరాయి కూడా ఆయనదే అంటారు. చాందీని చూసి లేచి పక్కకు వచ్చాడు.

“సంతకం పెట్టినవా బిడ్డా?”

“ఇంక లేదు సార్. మేడమే పెట్టలేదు.”

“ఆమె పెట్టదు. ఆంధ్రోళ్లు చేతికి మసి అంటనిస్తరా? నువ్వు పెట్టు, నీ ఎనుక నేనుంట. గిప్పుడు నష్టమని రాస్తె భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికులు బెదురుతరు. అసలే జీతాలు లేవు.” గొంతు తగ్గించాడు. “ఆమె మీద జర కన్నేసి ఉంచు. రేపు ఆమె పోతది. ఈడ ఉండేది నువ్వూ నేనూ.”

చాందీకి ఆ మాట ధైర్యంగా అనిపించింది. తన అనుమానం తన ఒక్కదానిదే కాదన్నమాట. సంతకం పెట్టమంటున్నది ఆయనేనన్న సంగతి ఆ ఎండలో, నినాదాల్లో ఆమెకు తట్టలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చేసరికి కౌంటర్లో ఉన్న సమ్మక్క చీటీ మీద చీటీ రాస్తోంది. ముత్తయ్య బామ్మర్ది రెండేళ్ల గడువున్న డిపాజిట్‌ను మధ్యలోనే తెంచి తీసుకుపోయాడు. అతని వెంట వచ్చిన రైసుమిల్లు వాళ్లు ఇద్దరూ అదే పని చేశారు.

“వడ్డి కోతపడ్తదంటె కూడ ఇంటలేరు చాందక్కా. ఏమైందంటవ్?” అంది సమ్మక్క.

చాందీ మూసి ఉన్న తలుపు వంక చూసింది. పెద్దవాళ్లకు ఆ గదిలోంచి ముందే ఫోన్లు వెళ్లాయని అనుకుంది. లోపల సంగతి తెలిసినవాళ్లు నూటికి నూరూ పట్టుకుపోతారు. తెలియనివాళ్లకు మిగిలేది ఆ తొంభై.

ఆ సాయంత్రం జొన్నరొట్టె కొడుతూ అదంతా మొగుడికి చెప్పింది. సురేందర్ రఘునాథపల్లి దగ్గర బడిలో టీచరు. సమ్మెలో ఉన్నాడు. ఇంట్లో వాళ్లు తండా భాషే మాట్లాడుకుంటారు గాని బ్యాంకు సంగతి వస్తే తెలుగులోకి దిగుతారు. వారం రోజులుగా అన్నం దగ్గర ఆమెకు పడుతున్న బాండ్ల ధరలు తప్ప వేరే మాట లేదు.

“ధరలు ఇంక పడుతున్నయి. ఆమె దాస్తున్నది. పెద్దోళ్లు ఒక్కొక్కలు జారుకుంటున్నరు,” అంది పిండి చేత్తోనే నుదుటి మీది చెమట తుడుచుకుంటూ.

సురేందర్ రొట్టె తుంచి పచ్చడిలో అద్దాడు. నోట్లో పెట్టుకోలేదు. “మొత్తం బయటపడ్డదనుకో, బ్యాంకు మునుగుతదా?”

“ఏమో. అందరు ఒక్కసారి మీదపడితె ఏ బ్యాంకు ఆగుతది?”

“నువ్వు సంతకం పెట్టకు,” అన్నాడు. ఆ మాటకు ఆమె కడుపు నిండింది. తన మనిషి తనవైపు ఉన్నాడు.

మర్నాడు మేడం గదిలోకి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టింది. రాత్రంతా మనసులో కూడబెట్టుకున్న మాటలు ఒక్కటి కూడా గుర్తు రాలేదు.

“ఏప్రిల్‌ల ఈ తీర్మానం కాలేదు మేడం. నేనున్న. నేను పెట్టను.”

మేడం కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. “సరే. అయితే అర్ధసంవత్సరం లెక్కలో సెప్టెంబరు ముప్పయ్యో తారీకు ధరకే రాసెయ్. మొత్తం నష్టం చూపించు. నేను సంతకం పెడతాను.”

అంతేనా? వాదించలేదు, బెదిరించలేదు, ముఖం కూడా మారలేదు. చాందీ తన బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాక ఇంకో అనుమానం లేచింది. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుంది? నష్టం చూపించి, తెలంగాణోళ్లకు బ్యాంకు నడపడం చేతకాదని పేపర్లో వేయిస్తుందా? దాస్తే ఒక కుట్ర, చూపిస్తే ఇంకో కుట్ర. మనిషి మీద ఒకసారి అనుమానం పడ్డాక ఆమె ఏం చేసినా చాందీకి నేరంలాగే కనబడుతోంది. తాను అట్లా చూస్తున్నానన్న సంగతి కూడా ఆమెకు కొంచెం తెలుస్తూనే ఉంది.

కరెంటు లేదు. కిటికీ పక్కన కూచుని ఒక్కో బాండుకు ఎదురుగా ఆ రోజు ధర, కొన్న ధర, రెంటికీ తేడా చేత్తో వేసింది. క్యాలిక్యులేటర్ తెర ఎండకు మసకబారితే అట్ట అడ్డం పెట్టి చూసుకుంది. సాయంత్రానికి ఆ ఏడాది వచ్చే లాభమంతా పోయి, పోయిన ఏడాది మిగులులో కూడా చెయ్యిపడింది. చాందీ సంతకం పెట్టింది. మేడం నిలబడే సంతకం పెట్టింది. ముత్తయ్యకు ఫోను చేసి చెబితే, అవతల నుంచి అరుపు చాందీ బల్లదాకా వినిపించింది. మేడం, “లేదండీ. అయిపోయిందండీ,” అని మాత్రం అని పెట్టేసింది.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు మానుకోట శాఖ మేనేజర్ రాజేందర్ చాందీకి ఫోను చేశాడు.

“మేడం, తప్పుగ అనుకోకుండ్రి. మీ తండోళ్లు వరసబెట్టి వచ్చి పైసలు తీస్తున్నరు. పెద్దాఫీసుల ఏమన్న ఉన్నదా? నాకన్న చెప్పాలె గద మీరు.”

“మా తండోళ్లా? ఎవరెవరు?”

“మొదాలు మీ ఆయిననే వచ్చిండు గదా. బండి మీద. మీ ఇద్దరి పేరు మీది డిపాజిటు, ఆయిన సంతకం ఒక్కటి చాలునని రాసున్నది, ఇచ్చిన. మర్నాడు మీ బావ వచ్చిండు. గిప్పుడు బయట లైనున్నది.”

చాందీ రిసీవర్ పెట్టేసింది. పెట్టాక కూడా దాని మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎదురుగా సమ్మక్క ఏదో అడుగుతోంది. పెదాలు కదలడమే కనిపిస్తోంది.

ఇంటికి పోయేసరికి సురేందర్ దీక్షకు పోవడానికి అంగీ వేసుకుంటున్నాడు. గడపలోనే అడిగింది.

“మానుకోటకు ఎప్పుడు పోయినవ్?”

గుండీ పెడుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. “మొన్న. అమ్మను చూడబోయిన.”

“పైసలు తీసినవ్.”

“నా పైసలు నేను తీసిన. దొంగతనం చేసిన్నా?”

“ఎవలు చెప్పిన్రు నీకు తియ్యమని?”

“నువ్వే.” సురేందర్ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. “రోజు అన్నం కాడ ఎవలు చెప్పిన్రు? ధరలు పడ్డయి, పెద్దోళ్లు జారుకుంటున్నరు, బ్యాంకు ఆగదు అని. ఇని ఊకుంటనా? నాకు జీతం లేదు. సమ్మె ఎన్నాళ్లుంటదో ఎరుక లేదు. పిల్లల ఫీజులు కట్టాల్నా వద్దా?”

“తండల అందరికి ఎందుకు చెప్పినవ్?”

“అన్న ఒక్కనికి చెప్పిన. అన్న మామకు చెప్పిండు. తండ సంగతి నీకు తెల్వదా?”

“మరి భూపాలపల్లోళ్లకు ఎవలు చెప్పాలె?”

సురేందర్ చివరి గుండీ పెట్టుకుని చెప్పుల కోసం చూశాడు.

“మల్ల తీస్కపోయి అండ్లనే పెట్టు,” అంది.

“పెడితె తండోళ్లు నవ్వరా? నన్ను చూసే గద అందరు తీసిన్రు.” చెప్పులు తొడుక్కుని బండి తీశాడు. అది మలుపు తిరిగేదాకా చాందీ గడపలోనే నిలబడింది. పెద్దవాళ్లకు ఫోన్లు ఎవరు చేశారో, అయిదు రోజులుగా ఆ తలుపు వంక చూసి వెతికింది. మానుకోటకు పోయిన కబురు తన వంటింట్లోదే. అప్పుడు గాని, సంతకం పెట్టమని తనను అడిగింది ఎవరు, మొదట డిపాజిట్ తెంచింది ఎవరి బామ్మర్ది అన్నది ఆమెకు ఒక వరుసలో కనబడలేదు.

మర్నాడు భూపాలపల్లి నుంచి కబురు. శాఖ ముందు కార్మికులు లైను కట్టారు. మానుకోట సంగతి అక్కడికి పాకింది. నగదు గార్డుతో ముందే పంపించి, మేడం కారు మాట్లాడుకుంది. బస్సులు లేవు.

“నేనూ వస్త,” అంది చాందీ.

కారు పరకాల దాటింది. రోడ్డుకు రెండువైపులా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. ఏరేవాళ్లు పలచగా ఉన్నారు.

“ఆ తీర్మానం కాగితం నేను తయారు చేయలేదమ్మా. చైర్మన్ గారు బయట టైపు కొట్టించి పంపారు,” అంది మేడం ఉన్నట్టుండి. “కాదంటే, ఆంధ్రామె మన బ్యాంకు పరువు తీస్తోందని అంటారు. సరేనంటే నేను జైలుకి పోతాను. అందుకని నీకిచ్చాను. నువ్వు కాదంటావని తెలుసు. నువ్వంటే ఎవరూ ఏమీ అనలేరు.”

“నన్ను అడ్డం పెట్టుకున్నరు.”

“అవును.” మేడం కిటికీలోంచే చూస్తూ చెప్పింది. “భయపడ్డాను.”

తన అనుమానం మొత్తం అబద్ధం కాదు. ఆ మాట వినగానే చాందీకి కోపం రావాలి. రాలేదు. తాను చెప్పాల్సిన ఇంటి సంగతి గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచేలోపు కారు ఆగింది. రేగొండలో రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, మధ్యలో పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. గుండిగలో పప్పు ఉడుకుతోంది. కండువా కట్టుకున్న మనిషి ఒకడు కిటికీలోకి వంగాడు.

“ఏడికి?”

“భూపాలపల్లి వెళ్లాలండీ,” అంది మేడం.

అతను ఆ ‘అండీ’ని పట్టుకున్నాడు. ముఖం బిగుసుకుంది. “ఏ ఊరమ్మా నీది?”

మేడం పెదవులు తడుపుకుంది. చాందీ అటువైపు తలుపు తీసుకుని దిగి అతని ముందుకు వచ్చింది. “జనగామ అన్నా. బ్యాంకోళ్లం. బాయిపనోళ్లకు పైసలియ్యబోతున్నం. ఆలస్యమైతె వాళ్లే పరేషానైతరు.”

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నమ్మలేదు. అయినా రాళ్లు పక్కకు దొర్లించమని వెనక్కి సైగ చేశాడు.

భూపాలపల్లి శాఖ మెట్ల నుంచి లైను హోటలు దాటి, సైకిలు దుకాణం దాటి, మలుపు తిరిగింది. చాలామంది మొగవాళ్లే. కొందరు భార్యల్ని కూడా తెచ్చుకున్నారు. మేడం మెట్టు మీద నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. “బ్యాంకులో మీ డబ్బు ఉందండీ, ఎవరూ కంగారు పడొద్దండీ.” మాట యాస వినగానే లైనులో గుసగుస పాకింది. ఎవరో ఈలవేశారు. మేడం ఆగిపోయి చాందీ వంక చూసింది.

చాందీ ముందుకు వచ్చింది.

“అన్నలారా, ఉన్నదున్నట్టు చెప్త. మీరు దాచుకున్న పైసల్ల కొన్ని పెట్టి బ్యాంకు సర్కారు బాండ్లు కొన్నది. గిప్పుడు వాటి ధర పడ్డది. నూరుకు కొన్నది గియ్యాల తొంభైకి కూడ పోతలేదు. ఆ నష్టం దాయలేదు, రాసినం. నేను రాసిన, మేడం సంతకం పెట్టింది. గడువుదాంక ఉంచితె నూరు వస్తయి. అందరు ఒక్కపారే తీస్తె వాటిని గియ్యాల్టి ధరకే అమ్మాలె, నష్టం నిజమైతది. తియ్యొద్దని నేనంటలేను. అడిగినోళ్లందరికి ఇస్తం.”

లైను ముందున్న మనిషి మెట్టు మీద కాలు పెట్టాడు. మొగిలి అంటారు అతన్ని. బాయిలో కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని చేస్తాడు. కనుబొమ్మల వెంట్రుకల్లో బొగ్గు నలుపు ఇంకా పోలేదు.

“మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఒక్కటడుగుత. నీ పైసలు గిండ్లనే ఉన్నయా?”

ఉన్నాయి అంటే సరిపోతుంది. ఎవరూ చూడబోరు. ఆ ఒక్క ముక్కతో సగం లైను ఇంటికి పోతుంది కూడా. చాందీ మొగిలి ముఖం వంక చూసింది. అతను కప్పు వంక చూసే అలవాటు ఉన్న మనిషి. ఎక్కడ పగులు ఉందో కనిపెట్టడానికే పుట్టినట్టు చూస్తున్నాడు.

“లేవన్నా. మొన్ననే తీసినం. నేను ఇంట్ల నోరు పారేసుకున్న, నా పెనిమిటి పోయి తీసుకున్నడు. మా తండోళ్లు ఆయిన ఎనుక తీసిన్రు.”

పక్కనున్న మేడం చాందీ వైపు తిరిగింది. ఆ మాట ఆమె కూడా అప్పుడే వింది.

మొగిలి గడ్డంతో మేడం వైపు చూపించాడు. “మరి ఈమెయి?”

“ఉన్నాయండీ,” అంది మేడం. “నా జీతంలో మిగిలిందంతా ఇక్కడే వేస్తాను. మొన్న గడువు తీరితే మళ్లీ వేశాను. ఇంకెక్కడా లేవు.”

లోపలున్న క్యాషియర్ను మొగిలి కిటికీలోంచే కేకేసి అడిగాడు. “నిజమేనా?” క్యాషియర్ పెద్దాఫీసుకు ఫోను చేసి కనుక్కుని, నిజమేనన్నాడు.

“గట్లయితె ఇగో,” అన్నాడు మొగిలి లైను వైపు తిరిగి, పెద్దగా. “నాకు బియ్యానికి, అవ్వ మందులకు గావాలె. గవి తీస్త. తక్కినయి ఈమె పైసలున్నకాడ్నే ఉండనీ.” చాందీ వైపు తిరిగినప్పుడు గొంతు తగ్గింది. “నువ్వు అబద్ధమాడలే బిడ్డా. గది మంచిగున్నది. గని నువ్వు తీసుకున్నవ్.”

లైను లోపలికి కదిలింది. అందరూ మొగిలి మాట వినలేదు. చాలామంది మొత్తం తీసుకున్నారు. ఆ వారం కొన్ని బాండ్లు పడిన ధరకే అమ్మక తప్పలేదు. అయినా భయపడినన్ని అమ్మలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం రెండు కౌంటర్లు తెరిచి ఒకదాంట్లో మేడం, ఒకదాంట్లో చాందీ కూచున్నారు. మొగిలి తర్వాత వచ్చిన ఆవిడ నెత్తిమీద కొంగు సర్దుకుంటూ చాందీ ముందు ఒక్క క్షణం ఆగింది. చీటీ చేతిలోనే ఉంది. చాందీ చెయ్యి చాపింది. ఆవిడ చీటీ ఇవ్వకుండా పక్కకు జరిగి మేడం ముందు నిలబడింది. ఆమె వెనకాయన కూడా అటే పోయాడు. ఆయన వెనకాయన కూడా.

చాందీ చాపిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత లేచి, తన కుర్చీ ఎత్తుకుపోయి మేడం వెనక వేసుకుంది. మేడం తీసుకున్న చీటీలు వెనక్కి అందిస్తుంటే, ఒక్కొక్కటీ పేరు సరిచూసి లెడ్జరులో ఎక్కించసాగింది.